నిన్నటి బోల్టు, ఎనభై ఏళ్ల తుప్పు

"తుప్పు కావాలి" అన్నాడు లాయరు గ్వాల్తియేరో. "నెమ్మదిగా, అందంగా, ఎనభై ఏళ్లుగా పట్టినట్టుండాలి. పదిహేను రోజుల్లో."

ఎవాసియో తల గోక్కున్నాడు. కసాలె ఊళ్లో పాతకార్లకు వైద్యం చేసే మెకానిక్ ఆయనొక్కడే. ఎదురుగా ఉన్నది 1937 నాటి నల్లకారు. లాయరు తండ్రి బతికున్న రోజుల్లో నలభై ఏళ్లపాటు దాన్ని తుడిచి, నూనె పెట్టి, నడిపించినవి ఎవాసియో చేతులే. తండ్రి పోయాక లాయరు దానికి చేసిన సేవ ఒకటే. కొనేవాణ్ణి వెతికాడు.

జూరిచ్‌లో దొరికాడు. అయితే ఒక షరతు పెట్టాడు. ఫ్యాక్టరీ గేటు దాటిన నాటినుంచి ఈ కారులో ఒక్క మర కూడా మార్చలేదని తూరిన్ పాతకార్ల సంఘం రాసివ్వాలి.

చిక్కల్లా అక్కడే వచ్చింది.

"తలుపు బందుల బోల్టులు, బంపరు స్క్రూలు, అన్నీ పొడైపోయాయి లాయరు గారూ. పానా తగిలిస్తే రాలిపోయాయి. కొత్తవి వెయ్యక తప్పదు."

"వెయ్యి. కానీ అవి కొత్తవని వాటిక్కూడా తెలియకూడదు."

"అది మోసం కదండీ?"

"చట్టం నాకు చెబుతావా?"

కొత్తదాన్ని కొత్తదని అమ్మితే వ్యాపారం. కొత్తదాన్ని పాతదని అమ్మితే వారసత్వ సంపద. లాయరు గారికి మొదటినుంచీ వారసత్వమంటేనే మక్కువ.

"ఇంతకీ ఆ జూరిచ్ ఆయన దీన్నేం చేస్తాడట?"

"గాజు గదిలో పెడతాడట. ఇంజను ఆన్ చెయ్యడు, రోడ్డెక్కించడు. అదృష్టం చూడు, ఇక దీనికి దుమ్ము కూడా అంటదు."

ఇంజను ఆగిన కారును ఎవాసియో శవంతో సమానంగా చూసేవాడు. పైకి మాత్రం "మీ ఇష్టం" అన్నాడు.

ఆ రోజే పని మొదలైంది. తళతళలాడే కొత్త బోల్టుల్ని రెండు రోజులు వెనిగర్‌లో నానేశాడు. మెరుపు దిగాక ఉప్పునీళ్లు చల్లి కోళ్లగూటి మీద పరిచాడు. తుప్పు పట్టాక చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచాడు. చిమ్నీ మసీ, వాడేసిన ఇంజనాయిలూ కలిపి రుద్దాడు.

"ఊళ్లో మొగుళ్లు పెళ్లాలకి వయసు తగ్గించే క్రీములు తెస్తున్నారు. నువ్వేమో బోల్టులకి వయసు పెంచుతున్నావు" అంది భార్య సెకొందీనా. "సలాడ్‌లోకి వెనిగర్ ఏదయ్యా?"

"బంపరు తాగేసింది."

చివరికి అన్నీ బిగించాడు. స్క్రూ తలల మీది గీతలన్నీ నిలువుగా, ఒకే వరసలో వచ్చేలా తిప్పి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. లాయరు వచ్చి చూసి మురిసిపోయాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగేటప్పుడు అలాగే మురిసిపోతుంది.

సంఘం తరఫున పరీక్షకు వచ్చినవాడు ఇంజనీరు దెల్ఫీనో. లాయరు ముందుగా ఆయన్ను భోజనానికి తీసుకెళ్లి, మాంసం కూరిన అన్యొలొత్తి పాస్తా రెండుసార్లు వడ్డించి, మంచి వైన్ పోయించాడు. ఇంజనీరు అన్నీ శుభ్రంగా తిని, మూతి తుడుచుకుని, టార్చిలైటు తీసుకుని కారు కింద దూరాడు.

కిందినుంచి బోల్టుల్ని గోటితో గీకుతున్న చప్పుడు వచ్చింది. లాయరు పైనుంచి చెబుతూనే ఉన్నాడు. "మా నాన్నగారు దీన్ని ప్రాణంలా చూసుకున్నారు. ఒక్క మర ముట్టనిస్తే ఒట్టు!"

ఇంజనీరు బయటికొచ్చాడు.

"లాయరు గారూ, మీ కారు ఎనభై ఏళ్లలో కొన్నాళ్లు తలకిందులుగా కూడా తిరిగిందా?"

"అదేం మాటండీ!"

"వాన తగలని చోట కూడా పైనున్నంత తుప్పే ఉంటేను." జేబులోంచి పద్నాలుగో నంబరు పానా తీసి తలుపు బోల్టుకు తగిలించాడు. వదులుగా ఊగింది. "ఈ కారు పుట్టిననాడు ఈ బోల్టు తల పద్నాలుగు. ఇది పదమూడు. ఇక ఈ స్క్రూ గీతలు చూడండి, కవాతుకు నిలబడ్డ సిపాయిల్లా ఉన్నాయి. ఫ్యాక్టరీలో బిగించేవాడికి అంత తీరికా?"

"మిగతా కారంతా..."

"ముప్పై బోల్టులు అబద్ధమాడిన కారులో ఇంకేం నమ్మమంటారు?"

నకిలీ అని రాసి, సంతకం గీకి వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా జూరిచ్ నుంచి ఫోనొచ్చింది. బేరం పోయింది. ఈ ముచ్చట సంఘం పత్రికలో అచ్చవుతుందనీ, ఇక ఏ దేశంలోనూ ఎవడూ ఆ కారు ముఖం చూడడనీ తెలిసింది.

లాయరు పరిస్థితి తేలు కుట్టిన దొంగలా తయారైంది. మెకానిక్ మీద కేసు వేద్దామంటే, మోసం చెయ్యమన్నది తానే.

"పదమూడుకీ పద్నాలుగుకీ తేడా తెలియని నువ్వొక మెకానిక్‌వా? నలభై ఏళ్లు మా నాన్న కళ్లకు గంతలు కట్టావా ముసలాడా?"

ఎవాసియో టోపీ చేతుల్లో నలుపుతూ నేల చూశాడు. "వయసైపోయింది లాయరు గారూ. మరి నా కూలి..."

"కూలా! ఇదిగో, ఈ తుక్కే నీ కూలి. రేపటికల్లా నా కళ్ల ముందు ఉండకూడదు."

అన్నాక ఆగుతాడా, లాయరాయె. రేపు ముసలాడు మాట మార్చకుండా అక్కడికక్కడే దస్తావేజు రాశాడు. కూలి కింద కారు ఇచ్చేశాననీ, దాని మీద తనకిక ఏ హక్కూ లేదనీ పకడ్బందీగా రాసి, ముద్ర వేసి, ఎవాసియో చేత కూడా సంతకం చేయించుకున్నాడు. అప్పటికి లాయరు కాస్త తెరిపిన పడ్డాడు.

ఎవాసియో కారును గరాజుకు తోలుకెళ్లి, లోపల గడియ పెట్టి, పనిబల్ల కింది గోనెసంచి లాగి, పొడైపోయి రాలాయని తాను చెప్పిన అసలు బోల్టులను, చెక్కుచెదరకుండా ఉన్నవాటిని, ఒక్కొక్కటే నూనెగుడ్డతో తుడుస్తూ బిగించడం మొదలుపెట్టాడు.