దొరగారి వంకర

"విప్పెయ్ సాయిబూ," అన్నాడు పాత డ్రైవరు సమాధానం, కాఫీ గ్లాసు కింద పెట్టి. "దొరగారి బంపర్ ఇట్టా ఉండేది కాదు."

చోటే సాహెబ్ చేతిలో స్పానర్ విసిరేయలేదు గానీ, విసిరేసినంత పని చేశాడు. ఆ ఎర్ర ఎమ్.జీ. కారుకి మూడు రోజుల్లో ముందు బంపర్ బిగించడం ఇది నాలుగోసారి. రెండు చివర్లకీ టేపు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. సమాధానానికి కావలసింది ఆ తేడానే.

కారు గూడూరు అభ్రకం వ్యాపారి మాలకొండయ్యది. బర్టన్ దొర ఇంగ్లండు వెళ్ళిపోతూ ఆయనకి అమ్మేసిన ఆ కారు ఆరేళ్ళుగా గోడౌన్లో కోళ్ళగూడుగా సేవ చేసింది. దొర మద్రాసు వచ్చాడనీ, శనివారం మెయిల్లో గూడూరులో దిగి తన పాత కారు చూసుకుంటాడనీ ఉత్తరం రాగానే మాలకొండయ్యకి కారు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కోళ్ళను ఖాళీ చేయించి, కారుని చోటే సాహెబ్ షెడ్డుకి తోయించాడు. అచ్చం దొర కాలంలో ఉన్నట్టు చేస్తే తన ఏడు లారీల పనీ ఇక ఈ షెడ్డుకే అన్నాడు. లేదంటే నాయుడుపేట మేస్త్రీకి. లారీ గడప తొక్కి ఏడాదైన షెడ్డు అది. చోటే సాహెబ్‌కి అన్నం సయించడం మానేసింది.

దొర కాలంలో కారు ఎలా ఉండేదో చెప్పడానికి సమాధానాన్ని పిలిపించారు. దొర దగ్గర ఐదేళ్ళు డ్రైవరుగా చేసిన మనిషి. కుర్చీ వేయించుకుని, పూటకి మూడు కాఫీల చొప్పున జ్ఞాపకం తెచ్చుకుంటున్నాడు.

చోటే సాహెబ్ నమ్ముకున్నది కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని. అందులో బొమ్మ ప్రకారం బంపర్ వెనక పక్కకి రెండేసి, మొత్తం నాలుగు బొటనవేలంత ఇనప గొట్టాలుండాలి. కుడిపక్కవి ఉన్నాయి. ఎడమపక్కవి లేవు. వాటి బదులు కుళాయి పైపు ముక్కలు కోసి పెడితే బంపర్ బుద్ధిగా తిన్నగా నిలబడింది. ఆ రెండూ పోగొట్టిన మేస్త్రీ ఎవడో గానీ, వాణ్ణి మాత్రం చోటే సాహెబ్ మూడు రోజులుగా విడవకుండా తిడుతున్నాడు. పొద్దున్నే, ఈ షెడ్డులోనే తనకి పని నేర్పిన ఉస్తాదు బల్ల మీద, ఆ నేర్చుకునే రోజుల నుంచీ వాడుతున్న రెండు ఇనప స్టాండ్లలో ఊదుబత్తులు వెలిగించి, అలాంటి తలకాయ లేనివాళ్ళ చేతిలో ఏ బండీ పడకూడదని దువా చేసి మరీ తిట్లు మొదలుపెట్టేవాడు.

"పుస్తకంలో తిన్నగానే ఉండాది కదన్నా," అన్నాడు ఇప్పుడు.

"ఎడంపక్క రెండు వేళ్ళు లోపలికి ఉండాల. ఐదేళ్ళు పొద్దున్నే తుడిచినోణ్ణి, నాకు తెలీదా? ఆ వంకరలోనే ఉండేది దొరగారి దర్జా. తిన్నగా ఉంటే దానికీ లారీకీ తేడా ఏంది?"

తగవు మాలకొండయ్య దగ్గరికి వెళ్ళింది. పుస్తకం రాసినవాడు శనివారం రావడం లేదు, దొర వస్తున్నాడు అని ఆయన తేల్చేశాడు.

చోటే సాహెబ్ పైపు ముక్కలు పీకేశాడు. బంపర్ ఎడమపక్క లోపలికి ఒరిగింది. సమాధానం వంగి, సందులో రెండు వేళ్ళు పెట్టి చూసుకుని సరేనన్నాడు. తప్పు పనిని తప్పు లేకుండా చేయడం ఎంత కష్టమో చోటే సాహెబ్‌కి ఆ రోజే తెలిసింది. బోల్టు బిగిస్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

శనివారం దొర షెడ్డుకే వచ్చాడు. మెడలో దండతో కారు చుట్టూ తిరిగి, బంపర్ ముందు ఆగి, అచ్చం అలాగే ఉందని నవ్వాడు. సమాధానం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"సమాధానం, అప్పట్లో అడగలేకపోయాను. ఈ వంకర దేనికి?" అన్నాడు దొర, తన పాత తెలుగులో.

"తమరు పెట్టించుకున్నదే కదా దొరా?"

తనెందుకు పెట్టించుకుంటాడని దొర ఆశ్చర్యపోయాడు. సమాధానం కొలువులో చేరకముందు ఒక నిమ్మకాయల బండి గుద్దితే, బంపర్ని మాత్రం దాని సామానుతో విప్పించి, సొట్ట తీయమని ఊళ్ళో ఏదో షెడ్డుకి పంపాడట. తిరిగొచ్చి బిగించేసరికి ఇలా ఉంది. పసిబిడ్డ బుగ్గకి దిష్టిచుక్క పెట్టినట్టు, కొత్త కారుకి కూడా ఏదో ఒక వంకర పెట్టడం ఇక్కడి ఆచారం కాబోలనుకున్నాడు. ఆచారాన్ని ప్రశ్నించడం మర్యాద కాదని ఆరేళ్ళు అలాగే నడిపాడు.

సమాధానం ఖాళీ కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మొదట్నించీ నువ్వు చెప్పిందే నిజం సాయిబూ," అన్నాడు మాలకొండయ్య. "ఆ షెడ్డోడు ఎవడో గానీ, అట్టాంటోడి చేతికి చచ్చినా నా బండ్లు ఇయ్యను. సోమవారం నుంచి ఏడు లారీలూ నీ దగ్గరికే."

మూడు రోజులు ఆగకుండా తిట్టిన చోటే సాహెబ్ ఈసారి ఆ షెడ్డువాణ్ణి ఒక్క మాటా అనలేదు. గొట్టాలు ఎక్కడున్నా తెప్పించి పెడతానని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున షెడ్డు ముందు లారీలు బారులు తీరాయి. బంపర్ కూడా తిన్నగా ఉంది. కుళాయి ముక్కలతో కాదు, అసలు గొట్టాలతోనే. మద్రాసు నుంచి వచ్చాయని చోటే సాహెబ్ అందరికీ చెప్పాడు.

సమాధానం అలవాటు కొద్దీ వంగి, సందులో రెండు వేళ్ళు పెట్టి, తీసి వాసన చూసుకున్నాడు.

"మద్రాసు సరుక్కి ఊదుబత్తి వాసనేంది సాయిబూ?"

చోటే సాహెబ్ వినపడనట్టే అటు తిరిగి, నిమ్మకాయకి గుచ్చిన ఊదుబత్తులు వెలిగించుకుంటున్నాడు.