వెచ్చని సంచి

కొత్త గుడ్డను అవిసె నూనెలో ముంచగానే నిన్న చెక్కకు పాలిష్ పట్టిన గుడ్డలు గుర్తొచ్చాయి. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"నా గుడ్డల సంచి ఎక్కడుందే?"

ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. విడివిడిగా ఆరేస్తే గాలికి పోతుంది. కుక్కి పెడితే లోపలే పేరుకుంటుంది. అగ్గిపుల్ల గీయకపోయినా గుడ్డలు అంటుకుంటాయి. ఇరవై ఏళ్లుగా రోజూ ఆరేసేవాణ్ణి, నిన్న బద్ధకించి సంచిలో కుక్కి ఇంటికి తెచ్చేశాను.

"అదేం మాయ సంచండీ!" మా ఆవిడ నవ్వింది. "దానంతటదే వెచ్చబడింది. చలికి వణుకుతున్నారని అత్తయ్య కాళ్ల దగ్గర, దుప్పట్లో పెట్టాను. హాయిగా నిద్రపోయారు."

"బయట పారెయ్! ముందు దాన్ని బయట పారెయ్!"

"ఉండండి, ఏదో మాడు వాసనొస్తోంది... పొయ్యి మీద నేనేం పెట్టలేదే!"