ఎక్కడైనా ఆగి వెళ్ళాలి

“దిగు సలోమే, కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది,” అన్నాడు ఫ్లోరెన్సియో, కారు తలుపు తెరిచి పట్టుకుని. వానకు ఆయన నల్ల చొక్కా భుజాలు తడిసిపోతున్నాయి.

సలోమే కదలలేదు. వెనక సీట్లో ఉండవలసిన గొడుగునూ చేతిసంచినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఆ పొగ చూశారా? కోళ్ళను కాలుస్తున్నారో, కొంపనే కాలుస్తున్నారో! రెండు నిమిషాలు కూర్చుంటే రాత్రంతా దగ్గుతాను.”

ఓటోన్ ఊరు దాటాక ఇది రెండో భోజనశాల. మొదటిదాంట్లో బల్ల మీద పిల్లి పడుకుని ఉందంది. ముప్పై ఎనిమిదేళ్ళు బడి నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఫ్లోరెన్సియోకు ఒకే మాట రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. అయినా ఈ రాత్రి ఓర్చుకున్నాడు. ఆమె తమ్ముడు నందింగ్ శవపేటిక దగ్గర నుంచి వస్తున్నారు మరి.

“చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోకూడదు,” అన్నాడు మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుంటూ. “ఎక్కడో ఒకచోట దిగాలి, ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. లేకపోతే పోయినవాడు వెంటబడి వచ్చి ఇంట్లో తిష్ఠ వేస్తాడు. ఇది నీకు నేను చెప్పాలా?”

“ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని బళ్ళో పాఠం చెప్పింది మీరే కదండీ?”

“ఇది నమ్మకం కాదు, పద్ధతి. పద్ధతి వేరు.”

ఆయన ఇంజను స్టార్టు చేశాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఫ్లోరెన్సియో కూతురి పెళ్ళివిందులో నందింగ్ తప్పతాగి, పెళ్ళికొడుకు తండ్రి నడకను అనుకరిస్తూ బల్లల మధ్య ఊరేగాడు. ఆయన అందరి ముందూ ఒక్కటే మాట అన్నాడు: “నేనుండగా నువ్వు నా గడప తొక్కకూడదు.” నందింగ్ తొక్కలేదు. ఏటా జారో ఊరి పండుగనాడు బుట్టెడు చేపలు తెచ్చి, గేటు బయటే నిలబడి, అక్క చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు. వాన కురిసినా అంతే. “తడుస్తున్నాడండీ, లోపలికి రమ్మననా?” అని సలోమే ఒక్క ఏడు అడిగింది. మరుసటి ఏడు అడగలేదు.

“బతికుండగా రానివ్వనివాణ్ణి చచ్చాక రానిస్తానా?” అన్నాడు ఫ్లోరెన్సియో, ఎవరూ అడగకపోయినా.

వెనక సీటు పక్క అద్దం లోపలివైపు ఆవిరి పట్టి మసకబారింది. ముందు అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఆయన దానివైపు ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు.

మోలో దగ్గర హోటలు దీపాలు కనబడగానే ఆయన ప్రాణం లేచివచ్చింది. తెల్లని బల్లగుడ్డలు, మెరిసే గ్లాసులు, మర్యాదస్తుల చోటు. తానే దిగి లోపలికి వెళ్ళి, ఇద్దరికి బల్ల చెప్పి, మెట్ల మీద నుంచి చెయ్యి ఊపాడు. సలోమే కిటికీ బెత్తెడు దించింది.

“పూలు కనబడటం లేదూ? లోపల పెళ్ళివారున్నారు. శవం దగ్గర నుంచి వచ్చి, నల్లబట్టలతో పెళ్ళికూతురి ఎదుట పడతామా? రేపు ఆ పిల్లకేమైనా అయితే ఎవరికండీ పాపం?”

ఆయన మళ్ళీ మెట్లెక్కాడు. బల్ల వద్దని క్షమాపణ చెప్పి వచ్చాడు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

లాపాజ్ సంతలో బచోయ్ అనే నూడుల్సు రసం అమ్మే దుకాణం ఒక్కటే తెరిచి ఉంది. దుకాణం ఆవిడ అప్పుడే గంగాళం కడుగుతోంది.

“ఇప్పుడా రావడం, మాష్టారూ? నూడుల్సు అయిపోయాయి. రసం అడుగంటింది. గంగాళం కడిగిన నీళ్ళు పొయ్యమంటారా?”

“ఎగతాళి తరవాత చేద్దువుగాని. ఏముంటే అది ఇవ్వమ్మా.”

“బన్నులున్నాయి. రాళ్ళే అనుకోండి. సొంత పళ్ళయితే తినండి, కట్టుడు పళ్ళయితే నా పూచీ లేదు.”

ఆయన నిలబడే ఒక బన్ను తిన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ పరువు బన్నుతోపాటు గొంతులో అడ్డంపడింది. రెండోది కాగితంలో చుట్టించుకుని కారు దగ్గరికి వచ్చాడు.

“పోనీ, తినకపోతే మానెయ్యి. ఒక్కసారి దిగి కాలు కింద పెట్టు. అంతే చాలు.”

“మోకాలు బిగుసుకుపోయిందండీ. అయినా మొగుడు దిగితే పెళ్ళాం దిగినట్టు కాదూ? ఇంటి పెద్ద మీరు. నాలుగుసార్లు దిగారు. వాడి బుర్రకు నాలుగుసార్లు దారి తప్పడం చాలదా?”

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే తోచింది. ‘ఇంటి పెద్ద’ అన్నది వినడానికీ బాగుంది. ఆయన చాలాసేపటికి నవ్వాడు.

“బడిలో ఆరో ఎక్కమే రానివాడు. ఎక్కడో ఓటోన్‌లోనే ఆగిపోయి ఉంటాడు.”

“ఉంటాడు,” అంది సలోమే.

జారోలో ఇల్లు చేరేసరికి వీధి దీపాలు ఆరిపోయి ఉన్నాయి. ఫ్లోరెన్సియో గేటు తెరిచి, కారు లోపల పెట్టి, ముందుగా తానే ఇంట్లోకి వెళ్ళి దీపం వేశాడు. కుర్చీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పద్ధతి ప్రకారం చేసిన పనికి చేటు లేదు.

“తలుపు వేసి రా సలోమే, జల్లు కొడుతోంది,” అని పిలిచి పడకగదివైపు నడిచాడు.

తలుపు మూసిన చప్పుడు వినబడలేదు. వెనుదిరిగి చూశాడు. కుంటకుండా నడిచివచ్చిన సలోమే తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, గడపకు ఒక పక్కగా ఒదిగి నిలబడి ఉంది. ఆమె ముఖం వానవైపు ఉంది.

“కాళ్ళు తుడుచుకుని రారా, తమ్ముడూ.”