కడిగిన పాపం

"లోపల మందునీళ్లతో కడుక్కోమని నీకెవరు చెప్పారు? ఏ మహానుభావురాలు?"

డాక్టరమ్మ గద్దింపుకి కూతురు తల వంచుకుంది. పక్క స్టూలు మీద కూర్చున్న తల్లి ఇంకాస్త ముడుచుకుంది.

ఆ మహానుభావురాలు తనే. వేరే ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ కడిగే ఆయా. ఆమె చెయ్యిపడిన గదిలో క్రిమి బతకదని పెద్ద సర్జన్లే మెచ్చుకుంటారు. ఆ మెప్పు తలకెక్కి, థియేటర్ కడిగే మందు సీసాలో పోసి ఇంటికి తెచ్చింది. నీళ్లు కలిపి పెళ్లయిన కూతురి చేతిలో పెట్టింది. "లోపల ఒక్క క్రిమి ఉండకూడదే, వాసన కూడా రాదు" అంటూ నేర్పింది.

"ఎక్కడో చదివానండీ," అంది కూతురు.

అమ్మ పరువు కాపాడే అబద్ధం. తల్లికి అది చెంప మీద కొట్టినట్టయింది.

"తగలబెట్టు ఆ పుస్తకాన్ని! క్రిములన్నీ దొంగలు కావు. యోనిలో..."

తల్లి గబుక్కున తలుపు వైపు చూసింది.

"అటేం చూస్తారమ్మా? ముక్కు, చెవి అన్నట్టే ఇదీనూ. యోనిలో మంచి సూక్ష్మజీవులుంటాయి. పులుపు పుట్టించి చెడ్డవాటిని తరిమేస్తాయి. గర్భసంచి ముఖద్వారానికి అవే కాపలా. వాటిని చంపేస్తే వైరస్ వచ్చి తిష్ఠ వెయ్యడం తేలిక. అది ఏళ్ల తరబడి కదలకపోతే క్యాన్సర్ దాకా పోవచ్చు."

తల్లి తన చేతులకేసి చూసుకుంది. అందరూ మెచ్చిన చేతులు. వాటిని కొంగులో దాచుకుంది. అయినా ఆగలేక లేచి నిలబడింది.

"అది ఏ పుస్తకమూ చదవలేదు తల్లీ! నేనే నేర్పాను. నేనే కలిపిచ్చాను. కన్నబిడ్డని నా చేతులారా..."

"అమ్మా, కూర్చో."

"నువ్వు నోర్ముయ్యవే! డాక్టరమ్మా, నన్ను ఎన్ని తిట్టినా పడతాను. దాన్ని బతికించండి."

"మీరూ అలాగే కడుక్కుంటారా?"

"ఊ... దీన్ని కన్నప్పటినుంచీ."

"ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడుతోందా?"

తల్లి చటుక్కున కూతురి వైపు చూసింది. ఏ ప్రాణికీ చెప్పని సంగతి అది. "ఎప్పుడన్నా కాస్త... నా గొడవ ఎందుకిప్పుడు? ముందు దాన్ని చూడండి!"

డాక్టరమ్మ గ్లోవ్స్ తొడుక్కుని బల్ల పక్కన తెర లాగింది.

"ఎక్కండి."

"నేనా? జబ్బు దానికైతే నన్నెక్కమంటారేంటి?"

కూతురు వచ్చి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"నాకే జబ్బూ లేదమ్మా. నువ్విచ్చిన మందంతా బాత్రూం బండలకే పోశాను. నీ బట్టల మీద రక్తం మరకలు చూశాను, నీకోసమే అంటే నువ్వు చచ్చినా రావని డాక్టరమ్మకి ముందే చెప్పి ఈ నాటకం ఆడాను."