గుట్ట మీది ఆమెన్

రోజూ పొద్దున్నే ఆనాటి సువిశేషాన్ని, తొలినాటి క్రైస్తవ గురువులైన శ్రీసభ పితరుల వ్యాఖ్యానంతో కలిపి మా చర్చి వాట్సాప్ గ్రూపులో పెడతాను. నలభై మందిలో జవాబిచ్చేది ఎస్తేరు ఒక్కతే. టేకులపల్లి అడవిలో సిగ్నల్ దొరికే గుట్టెక్కి మరీ "ఆమెన్" అని పెడుతుంది.

ఆదివారం చర్చిలో పూజయ్యాక ఆమె చెయ్యి పట్టుకున్నాను. "వాక్యం కోసం రోజూ గుట్టెక్కుతున్నవంటగా, తల్లీ!"

ఎస్తేరు తల దించుకుంది. "వాక్యానికి గాదక్కా. లారీ మీద పోయిన మా ఆయన ఐదు నెలలాయె, రాలే. ఫోన్ కలుస్తదేమోనని ఎక్కుతున్న."

"మరి ఆమెన్?"

"నా మెసేజ్ పోతుందో లేదో తెలవాలె గదా. మీకు పోయిందంటే ఆయనకు పెట్టింది గూడ పోతున్నట్టే."

మర్నాడు సువిశేషం ఒక్కటే పెట్టాను. వ్యాఖ్యానానికి చెయ్యి రాలేదు.

ఆమె ఆమెన్ వచ్చింది. దాని కింద "అందింది, ఎస్తేరూ" అని రాశాను.