ఇంగ్లీషులో జుట్టు

చాంగ్షాలో సేమ్యా సూప్ కొట్టు నడుపుకునే బావ్‌శెంగ్, అరవయ్యో ఏట వంటింటి తలుపు వేసుకుని ఇంగ్లీషు వల్లె వేయడం భార్య యూలాన్‌కు అనుమానం పుట్టించింది.

ఒకరోజు అతను కొట్టుకు వెళ్లగానే నోటుపుస్తకం తెరిచింది. పేజీల నిండా జుట్టే. "కర్లీ హెయిర్: రింగుల జుట్టు." దాని కింద, "లెట్ యువర్ హెయిర్ డౌన్: జుట్టు విరబోసుకో. అంటే, నా దగ్గర మొహమాటపడకు."

యూలాన్‌కు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం అతను ఇంట్లో అడుగుపెట్టగానే పుస్తకం అతని మీదికి విసిరింది.

"ఎవతయ్యా ఆ దొరసాని? ఈ వయసులో నీకు జుట్టు విరబోసుకునేవాళ్లు కావాల్సొచ్చారా?"

"అరవకే, పక్కింటివాళ్లు వింటారు."

"విననీ! దాని పేరు చెప్పు."

బావ్‌శెంగ్ గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు.

"ముప్పై ఏళ్ల కిందట మన రెండో పిల్ల పుట్టగానే పోయిందని చెప్పాను కదా. పోలేదు యూలాన్. ఒక్కరినే కనాలన్న చట్టం ఉన్న రోజులు కదా, ఇద్దరు పిల్లలుంటే సర్కారు బతకనివ్వదని భయపడి, అనాథాశ్రమం గుమ్మంలో వదిలేసి వచ్చాను. కెనడా వాళ్లు పెంచుకున్నారు. పొత్తిళ్లలో నేను పెట్టిన చీటీ పట్టుకుని ఆచూకీ తీసి, మొన్న కొట్టుకు ఉత్తరం రాసింది. పిల్లకు ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. తన రింగుల జుట్టు ఎవరి పోలికని అడిగింది. నీ పోలికేనని రాద్దామని..."

యూలాన్ అతని చెంప ఛెళ్లుమనిపించింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అతని పక్కన కూలబడింది.

"'నిన్ను వదిలేసింది నేను కాదు తల్లీ' అని ఇంగ్లీషులో ఎలా అంటారు? ముందు నాకది నేర్పు."