డైవర్ గారు

"బయట నిలబడకమ్మా, ఆ వాసనకి తల తిరుగుతుంది. వ్యానులోకి రా!"

కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చుకెళ్ళి టీవీలాంటి తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. తలుపు కూడా దగ్గరికి వేశాడు.

కళ్ళజోడు మర్చిపోయావని తెచ్చానంది. అది వంక. వీడు నిజంగా నీళ్ళలోకి దిగడం మానేశాడో, మానేశానని తనను మభ్యపెడుతున్నాడో కళ్ళారా చూసుకుందామని రెండు బస్సులు మారి వచ్చింది. ఇంట్లో ఆమెకు ఎవరూ ఏదీ సరిగ్గా చెప్పరు. ఒకరు తుమ్మితే చాలు, ఆస్పత్రి మంచం దాకా ఊహించుకుని అన్నం మానేసే మనిషి మరి.

"ఇదిగో, ఇదే నా ఉద్యోగం. తృప్తిగా చూసుకో."

తెర నిండా బురదరంగు నీళ్ళు. ఈ మురుగునీటి కేంద్రంలో రెండు పెద్ద తొట్లను కలుపుతూ అడుగున ఒక గొట్టం ఉంది. అందులోకి పాకుతోంది పీత. వీళ్ళు పీత అని పిలిచేది సూట్‌కేసంత ఉండే రోబోను. తలకి దీపం, కెమెరా. వెనక పసుపు కేబులు. కొడుకు ఇక్కడ మీట తిప్పితే అది అక్కడ తిరుగుతుంది. గొట్టం ఎక్కడ బీటలిచ్చిందో చూసి చెబుతుంది.

"నువ్వు దిగిందీ ఇందులోకేనా?"

"ఇందులోకే. ఏమీ కనపడేది కాదు. చేత్తో తడుముకుంటూ పోవడమే."

"బాబోయ్! ఈ పీతను చేసినవాడు చల్లగా ఉండాలి."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తెర ఒక్కసారి ఊగి ఆగిపోయింది. కొడుకు మీటను ముందుకి తోశాడు, వెనక్కి లాగాడు. కదల్లేదు.

మేస్త్రీ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమైంది?"

"గుడ్డపీలికలు చుట్టుకున్నాయి. కేబులు తొట్టిలోని నిచ్చెన మెట్టుకి మెలిపడింది. లాగితే తెగుతుంది."

"వదిలేస్తే గొట్టానికి అదే బిరడా అయి కూర్చుంటుంది. సాయంత్రానికి మురుగంతా ఇళ్ళల్లోకి ఎదురు తన్నుతుంది. మనిషి దిగాల్సిందే."

కొడుకు లేచాడు. "నేను దిగుతాను. ఆ మెలి ఎక్కడుందో నాకు తెలుసు. కొత్తవాళ్ళకి కష్టం."

ఆమె వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "వీడు దిగకూడదండీ! వీడికి ఉబ్బసం. మీ కాగితాల్లోనే ఉంది, చూసుకోండి!"

"అమ్మా, నాకు ఉబ్బసం లేదు. ఆ సంగతి నీకూ తెలుసు."

"ఉంది! చిన్నప్పటి నుంచీ ఉంది!"

మేస్త్రీ ఇద్దరి వైపూ చూసి తల గోక్కున్నాడు. "కాగితం మీద ఉందిగా బాబూ. రేపేమన్నా అయితే నా ఉద్యోగం ఊడుతుంది. డైవర్ గారినే దిగమంటాను. ఎలాగూ సూటు వేసుకుని సిద్ధంగా ఉన్నారు."

కొడుకు ముఖం పాలిపోయింది. కూలబడి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"డైవర్ గారూ, వినపడుతోందా? ఎడం చేత్తో నిచ్చెన పట్టుకునే దిగండి. తొందరపడకండి."

ఆమెకు ఆ కంగారులోనూ కాస్త ముచ్చటేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ గారూ అని ఎరగడు, ఉద్యోగం ఎంత మర్యాద నేర్పింది! ఆ వెంటనే సిగ్గేసింది. దిగుతున్నది ఎవరి బిడ్డో.

"అతనికి పెళ్ళయిందా?"

"ఇంకా లేదు."

"వాళ్ళమ్మకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే తట్టుకోలేదని చెప్పలేదు." వాడు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

పది నిమిషాలైంది. వాడు "మెల్లగా", "ఊపిరి చూసుకోండి" తప్ప మరో మాట అనడం లేదు. ఆమె కూతురితో రెండు మాటలు మాట్లాడితే దడ తగ్గుతుందని ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఈ పిల్లొకతి, పిల్లలకి ఈత నేర్పుతూ ఫోను సంచీలో పడేస్తుంది.

ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒరేయ్, రెండేళ్ళ కింద మీ ఇంజనీరు దగ్గరికెళ్ళి ఆ ఉబ్బసం మాట చెప్పింది నేనేరా."

"తెలుసు. వారం తిరక్కుండానే ఆయనే చెప్పాడు."

"మరి నన్ను ఒక్క మాటా అనలేదే!"

"ఏమనాలి? నీళ్ళలో చెవులు మూసుకుపోతే ఎంత నిమ్మళంగా ఉండేదో నీకెలా చెప్పను? రాత్రుళ్ళు నిద్రపోతున్నావు కదా, పోన్లే అనుకున్నాను." గొంతు సవరించుకున్నాడు. "కానీ అమ్మా, నన్ను తీసేస్తే ఆ పని ఆగుతుందనుకున్నావా? నా చోట్లోకి ఇంకొకరు రావాలి. వచ్చారు."

ఆమె ఇంతసేపూ తన బిడ్డ ఒడ్డున ఉన్నాడని ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి ఇంకొకరిదని ఇప్పుడు అర్థమైంది. ఇందాక మేస్త్రీతో కూడా అదే అబద్ధం చెప్పింది, అంతే గట్టిగా!

తెర మీద ఒక చెయ్యి కనిపించింది. నల్లటి గ్లవుజు పీలికలను కోసింది. కేబులు వదులైంది. ఆ తర్వాత చెయ్యి కూడా కనిపించకుండా పోయింది.

"డైవర్ గారూ! వినపడుతోందా? డైవర్ గారూ!"

జవాబు రాలేదు. కొడుకు హెడ్‌ఫోన్ బల్ల మీద విసిరేసి బయటికి పరిగెత్తాడు. "తాడు లాగండి! లాగండ్రా!" అని అరుపులు.

ఆమె కళ్ళు మూసుకుంది. ముఖం ఎరగని ఆ తల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. ఈ ఒక్కసారికి ఆ బిడ్డను పైకి రానిస్తే, రేపే ఇంజనీరు కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తాననుకుంది.

బయట ఎవరో "వచ్చేశారు!" అని కేకేశారు. ఆమె గబగబా హెడ్‌ఫోన్ తీసి చెవికి ఆనించుకుంది. దగ్గు, ఆయాసం. ప్రాణం ఉంది! ఎవరి బిడ్డవైతేనేం, నూరేళ్ళు బతుకు అని దీవించబోయింది. ఈలోగా ఆ గొంతే మెల్లగా పలికింది.

"అన్నయ్యా, అమ్మ వెళ్ళిపోయిందా?"